ఐరేని కుండలు, దసలి చీర: మన ఇంట్లోనే ఉన్న చరిత్ర

పోయిన వేసవిలో మా అక్క పెళ్లి జరిగింది. పెళ్లికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో ఒక గొడవ మొదలైంది. అది నగల గురించి కాదు, భోజనాల గురించి కాదు, కుండల గురించి! "ఐరేని కుండలు లేకుండా లగ్గం ఎట్ల చేస్తరు?" అని మా బాపమ్మ అడిగింది. "ఇక్కడ చంద్రపూర్‌లో అవి ఎవరు చేస్తారమ్మా? స్టీలు బిందెలు పెడదాం" అన్నాడు మా బాపు. బాపమ్మ ఆ రోజు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మన పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని సార్ చెప్పినప్పుడు నేను మొదట గోండు రాజుల గురించి రాద్దామనుకున్నాను. తరువాత ఈ కుండల గొడవ గుర్తుకు వచ్చింది. రాజుల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. కానీ చీర అంచు మీద ఒక గీత ఎందుకు ఉంది, కుండ మీద ఒక చుక్క ఎందుకు ఉంది అన్నది ఎక్కడ రాసి ఉంటుంది? అందుకే మన ప్రాంతంలో చెట్టు, మట్టి, దేవుడు ఈ మూడూ కలిసి బట్టకూ కుండకూ ఎట్లా రూపం ఇచ్చాయో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మన ఊరు, మన ప్రాంతం

మిత్రులారా! మనం రోజూ జట్‌పురా గేటు కింద నుంచి వెళ్తాం. ఒక్కసారి ఆగి తల ఎత్తి చూడండి. ఏనుగు మీద సింహం బొమ్మ కనిపిస్తుంది. అది గోండు రాజుల గుర్తు.  ఖాండక్యా బల్లాళ్ షా ఈ ఊరిని కట్టించాడని చెబుతారు. రాణీ హిరాయి 18వ శతాబ్దం మొదట్లో మహాకాళి గుడిని కట్టించింది. ఇప్పటికీ చైత్ర మాసంలో మహాకాళి యాత్రకు మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి భక్తులు వస్తారు.

1751లో గోండుల రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. 1854లో నాగపూర్ రాజ్యం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1874లో అప్పర్ గోదావరి జిల్లాను రద్దు చేసి, తెలుగు మాట్లాడే సిరోంచా ప్రాంతాన్ని మన చాందా జిల్లాలో కలిపారు. 1982లో గడ్చిరోలి వేరే జిల్లా అయ్యేదాకా సిరోంచా మన జిల్లాలోనే ఉంది. అంటే తెలుగువాళ్లు ఇక్కడికి కేవలం బొగ్గు గనుల కోసం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కోసం వచ్చినవాళ్లు మాత్రమే కాదు. ఈ నేల మీద తెలుగు, మరాఠీ, గోండీ ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి. భాష మూడు రకాలుగా ఉన్నా అడవి ఒక్కటే, మట్టి ఒక్కటే. ఈ మాట గుర్తు పెట్టుకుంటే ముందు రాసేదంతా సులువుగా అర్థమవుతుంది.

మద్ది చెట్టు ఇచ్చిన పట్టు

మా బాపమ్మ దగ్గర ఒక దసలి పట్టు చీర ఉంది. తేనె రంగులో ఉంటుంది. మిలమిలా మెరవదు. ముట్టుకుంటే కొంచెం గరుకుగా ఉంటుంది. "ఇది రంగు అద్దింది కాదు బిడ్డా, పురుగు ఇచ్చిన రంగే" అని బాపమ్మ చెప్పింది.

అది నిజమే. మనం సాధారణంగా చూసే పట్టుకు పురుగులను ఇంట్లో తట్టల్లో మల్బరీ ఆకు వేసి పెంచుతారు. దసలి పురుగు అట్లా కాదు. అది అడవిలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీదనే ఆకు తిని పెరుగుతుంది. చివరికి ఒక చిన్న కాడతో కొమ్మకు వేలాడే గట్టి గూడు కట్టుకుంటుంది. మన చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో ఢీవర్ కులస్థులు ఈ పురుగులను పెంచుతారు. పిట్టలు, చీమలు తినకుండా పగలూ రాత్రీ చెట్ల కింద కాపలా ఉంటారు. నది అవతల తెలంగాణలోని మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో కూడా దసలి పెంపకం ఉంది. నదికి రెండు వైపులా అదే చెట్టు, అదే పురుగు.

మధ్య భారతంలో, తూర్పు భారతంలో దసలి పెంచేవాళ్లు ఆ రోజుల్లో కొన్ని నియమాలు పాటించేవారని పాత రికార్డుల్లో ఉంది. మాంసం తినకుండా, శుభ్రంగా, ఒక వ్రతం చేసినట్టు ఉండేవారు. పురుగు బతకడం మన చేతిలో లేదు, వాన చేతిలో, ఎండ చేతిలో, దేవుడి చేతిలో ఉంది అన్న నమ్మకం వాళ్లది. ఈ రోజు మనం దాన్ని శుభ్రత అంటాం. వాళ్లు భక్తి అన్నారు. రెండింటి వల్లా పురుగుకు మేలే జరిగింది.

అయితే ఇందులో కష్టం కూడా ఉంది. గట్టి గూడును ఉడకబెట్టి మెత్తబరచి, ఆడవాళ్లు తమ తొడ మీద రుద్దుతూ దారం తీసేవారు. చర్మం పుండ్లు పడేది. ఇప్పుడు కేంద్ర పట్టు మండలి 'బునియాద్' అనే యంత్రాన్ని ఇచ్చి ఆ బాధ తగ్గించాలని చూస్తోంది. అందమైన చీరను చూసినప్పుడు ఆ చేతులను కూడా తలచుకోవాలని నాకు అనిపించింది.

ఇంకో ఆశ్చర్యమైన విషయం. నల్లమద్ది, తెల్లమద్ది, కరక్కాయ ఈ మూడు చెట్లూ ఒకే ప్రజాతికి చెందినవి. దాని శాస్త్రీయ నామం టెర్మినేలియా. మద్ది ఆకు పట్టుపురుగుకు తిండి. కరక్కాయ బట్టకు రంగు నిలిపే మందు. కృష్ణా జిల్లా మచిలీపట్నం, పెడనలోనూ, చిత్తూరు వైపు శ్రీకాళహస్తిలోనూ కలంకారీ చేసేవాళ్లు ముందుగా బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి 'కసిమి' తయారు చేస్తారు. కరక్కాయ పట్టిన బట్టకు ఆ కసిమి తగలగానే నల్లటి గీత వస్తుంది. ఇదంతా రసాయన శాస్త్రమే. కానీ పాఠం నేర్పింది మాత్రం అడవి.

రంపమా? గుడి గోపురమా?

బాపమ్మ చీర అంచు చూస్తే చిన్న చిన్న త్రిభుజాలు వరసగా ఉంటాయి. మా మరాఠీ పక్కింటి కాకు దాన్ని చూసి 'కరవతీ' అంది. మరాఠీలో కరవత్ అంటే రంపం. రంపం పళ్లలాంటి అంచు అని అర్థం. విదర్భలో దసలి పట్టు మీద ఈ అంచు నేయడం పాత అలవాటు. 'కర్వత్ కాటి' అనే పేరుతో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఈ అంచు రామ్‌టెక్ గుడి గోడల మీది చెక్కడాల నుంచి వచ్చిందని కూడా అంటారు.

మా బాపమ్మ మాత్రం దాన్ని రంపం అనదు. "గుడి అంచు" అంటుంది. తెలంగాణలో గద్వాల చీరల మీద ఇట్లాంటిదాన్నే 'కోటకొమ్మ' అంటారు. చూశారా! ఒకే త్రిభుజం. ఒకరికి వడ్రంగి రంపం, ఒకరికి గుడి గోపురం, ఇంకొకరికి కోట గోడ.

ఇది అసలు ఎట్లా పుట్టింది అని మా తాతను అడిగాను. ఆయన కరీంనగర్ జిల్లాలోని ఒక నేత ఊరి నుంచి బొగ్గు గనిలో పనికి ఇక్కడికి వచ్చాడు. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడే. ఆయన నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. అంచుకు ఒక నాడె, చీర ఒంటికి ఒక నాడె, రెండో అంచుకు ఇంకో నాడె. ఇట్లా మూడు నాడెలు నడుస్తాయి. అంచు రంగు పేక, ఒంటి రంగు పేక ఒకదానితో ఒకటి మెలిక పడాలి. ఆ మెలికను ఒక్కో వరసకు కొన్ని పోగులు ముందుకు జరుపుతూ, మళ్లీ వెనక్కి జరుపుతూ పోతే త్రిభుజం దానంతట అదే వస్తుంది. "మగ్గానికి గుండ్రం గీయుడు కష్టం, మెట్లు కట్టుడు సులువు. మెట్లు కడితే గుడి అయితది" అన్నాడు తాత.

ఈ మాట నాకు చాలా నచ్చింది. మగ్గం ఇచ్చిన రూపానికి మనిషి తన దేవుడి గుడి పేరు పెట్టుకున్నాడు. చేతి పనికి భక్తి కలిస్తే డిజైన్ పుట్టింది.

పట్టు కట్టుకుని పూజ చేయడాన్ని మనం మడి అంటాం, మరాఠీవాళ్లు సోవళే అంటారు. పేర్లు వేరైనా రెండు ఇళ్లలోనూ ఆ పట్టుబట్ట దేవుడి ముందే బయటికి వస్తుంది.

ఏ బొమ్మ ఎక్కడ ఉండాలి

కలంకారీ గురించి చదువుతున్నప్పుడు నాకు ఇంకో విషయం తెలిసింది. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో రామాయణం, భారతం కథలను పెద్ద బట్టల మీద గీసి గుళ్లలో వేలాడదీసేవారు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో పూలు, తీగలు, చెట్లు అద్దేవారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ బట్టలు పర్షియా దాకా వెళ్లాయి. ఎక్కువగా దేవుడి కథ గోడ మీద వేలాడింది, పూలతీగ ఒంటి మీదికి వచ్చింది.

ఇప్పుడు బజార్లో దేవుళ్ల ముఖాలు అచ్చు వేసిన బట్టలు, కప్పులు, సంచులు దొరుకుతున్నాయి. వాటిని కడుగుతాం, నలుపుతాం, చివరికి చెత్తలో వేస్తాం. మా బాపమ్మకు ఇది నచ్చదు. పాత నేతగాళ్లు చీర మీద గుడి నేశారు కానీ గుడిలోని దేవుడిని నేయలేదు అని నాకు అప్పుడు తట్టింది. గౌరవం అంటే బొమ్మ పెద్దగా వేయడం కాదు, దాని చోటు తెలియడం. డిజైన్ చదవాలనుకునే అన్నలు, అక్కలు ఈ విషయం ఆలోచించాలని నా మనవి.

మట్టికి కూడా దేవుడు ఉన్నాడు

ఇక కుండల దగ్గరికి వద్దాం. సారె మీద తిరిగే మట్టిని కుమ్మరి చేతులు పైకి లేపుతాయి. కొంచెం ఆరిన తరువాత చెక్కతో తట్టి కుండ పొట్టను గుండ్రంగా చేస్తారు. తరువాత ఆవంలో కాలుస్తారు. మట్టిలో ఇనుము ఉంటుంది కాబట్టి గాలి బాగా తగిలితే కుండ ఎర్రగా వస్తుంది, పొగలో మగ్గితే నల్లగా వస్తుంది. కుండకు సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయి. చంద్రపూర్ ఎండ ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాలా!

కానీ కుండ నీళ్ల కోసమే కాదు. బోనానికి కుండే కావాలి. దానికి పసుపు, కుంకుమ, వేపమండలు కావాలి. శ్రావణ అమావాస్య నాడు ఇక్కడ మరాఠీవాళ్లు పోళా చేస్తారు, ఆదిలాబాద్ వైపు మనవాళ్లు పొలాల అమావాస్య చేస్తారు. నిజమైన ఎద్దులు లేని ఇంట్లో మట్టి ఎద్దులకు పూజ చేస్తారు. ఎద్దు మనకు తిండి పెడుతుంది కాబట్టి మట్టితో ఎద్దును చేసి దండం పెడతాం. పండుగ తరువాత మట్టి మళ్లీ మట్టిలో కలుస్తుంది.

అన్నిటికంటే గొప్ప ఉదాహరణ ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర. మన జిల్లా సరిహద్దు దాటితే అది ఎంతో దూరం కాదు. మెస్రం వంశపు గోండులు పుష్య అమావాస్యకు నాగోబాను కొలుస్తారు. గోదావరిలోని హస్తినమడుగు నుంచి కాలినడకన పవిత్ర జలం తెస్తారు. ఆ జాతరకు కావలసిన కుండలను బజార్లో కొనరు. సిరికొండలో ఉన్న ఒక కుమ్మరి కుటుంబం దగ్గరికే వెళ్లి చెప్పి చేయించుకుంటారు. తరతరాలుగా అదే ఆచారం. పూజ చేసేది గోండులు, కుండ చేసేది తెలుగు కుమ్మరి. ఒకరు లేకుండా ఇంకొకరి పండుగ జరగదు. మన పాఠ్యపుస్తకంలో 'జాతీయ సమైక్యత' అనే పాఠం ఉంది. నాకు మాత్రం ఈ కుండే ఆ పాఠంలా కనిపించింది.

నేర్పేవాళ్లు ఉంటేనే కళ

భక్తి ఉంటే చాలు, కళ బతుకుతుంది అని కొందరు అంటారు. చరిత్ర అట్లా చెప్పడం లేదు. స్వాతంత్ర్యం వచ్చే నాటికి శ్రీకాళహస్తి కలంకారీ దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోవడం వల్ల 1950లలో అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలు నేర్చుకున్నారు, కళ నిలిచింది.

మన జిల్లాలోనే అట్లాంటి ఉదాహరణ భద్రావతిలో ఉంది. భద్రావతి అంటే మనకు విజాసన్ గుహలు, జైన మందిరం, భద్రనాగ మందిరం గుర్తుకు వస్తాయి. అదే ఊళ్లో గాంధేయవాది కృష్ణమూర్తి మిర్‌మిరా గ్రామోదయ సంఘాన్ని నడిపి, కుమ్మరులకు కొత్త పనితనం నేర్పించారు. మామూలు ఎర్ర కుండతో పాటు మెరుపు పూత వేసిన పింగాణీ లాంటి పాత్రల పని కూడా అక్కడ సాగింది. పాత ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా ఉంటుంది. గట్టి పింగాణీ పాత్రకు 1200 డిగ్రీల దాకా కావాలి. అంటే కొత్త కొలిమి కావాలి, కొత్త చదువు కావాలి. కుమ్మరి తన మట్టిని వదలకుండానే కొత్తది నేర్చుకోవచ్చు అని భద్రావతి చూపించింది.

మా ఇంటి కుండలు ఏమయ్యాయి

ఇప్పుడు మొదట చెప్పిన గొడవ దగ్గరికి వస్తాను. బాపమ్మ మాట్లాడకపోవడం చూడలేక నేను, మా బాపు కలిసి కుమ్మరిని వెతుకుతూ వెళ్లాం. ఊరి చివర ఒక మరాఠీ కుంభార్ ఇల్లు దొరికింది. ఐరేని కుండలు అంటే ఆయనకు అర్థం కాలేదు. "పెళ్లికి, ఒకదాని మీద ఒకటి పెట్టేవి, రంగులు వేసినవి" అని బాపు మరాఠీలో చెప్పాడు. ఆయన నవ్వి, తమ పెళ్లిళ్లలో కూడా వధువు చెల్లెలు చేతిలో 'కరా' అనే చిన్న కుండ పట్టుకుంటుందని, అందుకే ఆమెను 'కరవలీ' అంటారని చెప్పాడు. తరువాత చిన్నవీ పెద్దవీ కుండలు ఎంచి ఇచ్చాడు. "రంగులు నాకు రావు, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి" అన్నాడు. తన కొడుకులు ఈ పని చేయడం లేదని, తన తరువాత ఈ సారె తిరగదని కూడా చెప్పాడు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఆ రాత్రి బాపమ్మ సున్నం, జాజు కలిపింది. వేపపుల్ల చివర నమిలి కుంచెలా చేసింది. కుండల మీద సూర్యుడు, చంద్రుడు, ఆకులు, చుక్కలు వేసింది. నాకూ ఒక కుండ ఇచ్చింది. నా గీతలు వంకరగా వచ్చాయి. నేను చెరపబోతే వద్దంది. "వంకర అయితే అయింది. సూర్యుడు ఎందుకో తెలుసా? లగ్గానికి సాక్షి. ఆకు ఎందుకంటే ఇల్లు పచ్చగ ఉండాలె" అని చెప్పింది. ఆ కుండలో ఎవరూ నీళ్లు పోయలేదు, అన్నం వండలేదు. దాని మీద గీసిన మాటలే దాని పని.

నాకు అప్పుడు ఒక భయం కలిగింది. బాపమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఆమె చెప్పకపోతే ఆ ఆకు, ఆ సూర్యుడు నాకు ఊరికే బొమ్మల్లాగే ఉండేవి. రేపు ఎవరైనా ఆ బొమ్మలను ఫోనులో ఫొటో తీసి మెషీన్ మీద అచ్చు వేయవచ్చు. రూపం ఉంటుంది, అర్థం పోతుంది. అర్థం పోయిన రూపాన్ని ఎక్కడైనా వేస్తారు, ఎట్లా అయినా పారేస్తారు.

ముగింపు

గుడి అంచు, దసలి రంగు, ఐరేని కుండ మీది ఆకు ఇవన్నీ మనుషులు ఉత్తగా అందం కోసం వేసినవి కావు. తమకు తిండి పెట్టే అడవికి, నేలకు, తాము నమ్మే దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత అది. దాన్ని చేసే చేతులు ఉండాలి, అర్థం చెప్పే పెద్దలు ఉండాలి, వినే పిల్లలు ఉండాలి. ఈ మూడింటిలో మూడోది మన చేతిలో ఉంది.

అందుకే మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఒక పాత చీర, ఒక ముంత, ఒక బొంత ఏదో ఒకటి ఉంటుంది. దాని అంచు పేరు ఏమిటి, ఆ గుర్తు ఎందుకు వేశారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తెలుగులోనే రాసుకోండి. ఎందుకంటే కోటకొమ్మ, జాజు, నాడె, ఆవం లాంటి మాటలు పోతే వాటి వెనకాల ఉన్న పని కూడా మెల్లగా పోతుంది. మనం మహారాష్ట్రలో ఉండి తెలుగు బడిలో చదువుకుంటున్నాం. ఆ మాటలను మరాఠీ కరవతీ, కరాలతో పక్కపక్కన పెట్టి చూసే అదృష్టం మనకు మాత్రమే ఉంది.

అక్క అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఒక చిన్న కుండను బాపమ్మ దాచిపెట్టింది. అది నేను వంకర గీతలు వేసిన కుండ. ఇప్పుడు మా దేవుడి గూటి పక్కన ఉంది.